ఆర్వి నిలబడిన చోటు

తార్మో పెన్నానెన్‌ను కైనూ అడవుల్లోని మనుషులు రెండు రకాలుగా ఎరుగుదురు. ఎక్కువమందికి అతను గ్రంథాలయ బస్సు నడిపే మనిషి. రోడ్డు ఆగిపోయే చివరి ఇంటిదాకా పుస్తకాలు మోసుకొచ్చి, తిరిగి ఇవ్వనివాళ్ళను పేరు పెట్టి అడిగేవాడు. కొద్దిమందికి మాత్రం అతను చదరంగంలో గ్రాండ్‌మాస్టర్. ఫిన్లాండ్ మొత్తంలో ఆ బిరుదు ఉన్నవాళ్ళందరినీ ఒక వంటింటి బల్ల చుట్టూ కూర్చోబెట్టవచ్చు. అలాంటివాడు తమ మధ్య బస్సు నడుపుతున్నందుకు ఊరికి గర్వంగానే ఉండేది, కాని గర్వాన్ని బయటపెట్టడం అక్కడి మర్యాద కాదు. "బస్సు మాత్రం టైముకు తెస్తాడు" అనేవారు. అంతకు మించిన పొగడ్త ఆ ఊళ్ళో ఇంకెవరికీ దక్కలేదు.

అతనికి ఆట నేర్పినవాడు ఆర్వి తోల్వానెన్. ఆర్వి జీవితమంతా నీటిమీదే గడిచింది. నరికిన దుంగలను సరస్సులో తేల్చి, పొడవాటి గెడకర్రతో తోసుకుంటూ, ఒక దుంగ మీంచి మరో దుంగ మీదికి నడుస్తూ మిల్లుకు చేర్చడం అతని పని. పని లేని రోజుల్లో, దుంగలు తోలేవాళ్ళ గుడిసెల్లో, చెక్కిన బొమ్మలతో చదరంగం ఆడి నేర్చుకున్నాడు. తార్మో తల్లి మిల్లు ఆఫీసులో నేల తుడిచేది. బడి వదిలాక ఆమె ఇంటికి వచ్చేదాకా తార్మో ఆర్వి ఇంట్లో ఉండేవాడు. ఆర్వి భార్య లెంపి అతనికి కాఫీ పోయబోతే ఆర్వి ఒప్పుకునేవాడు కాదు.

"వాడికి పోయకు. చెయ్యి వణికి గుర్రం పక్క గడిలో పడుతుంది."

"నువ్వు తాగినంత ఎవరూ తాగలేదు. నీ గుర్రాలన్నీ ఎక్కడ పడ్డాయో మరి" అని లెంపి పోసేసేది.

తార్మోకు పదిహేడేళ్ళు వచ్చేసరికి ఆ చుట్టుపక్కల అతన్ని ఓడించేవాడు లేడు. ఆ ఏడు యువకుల జాతీయ పోటీల్లో, గెలుపు చేతికందిన ఆటలో, అతను మంత్రిని బలి ఇచ్చాడు. మూలనుంచి మూలకు చూస్తున్న తన శకటు ఆ వెంటనే ఆట కట్టేస్తుందని లెక్క వేసుకున్నాడు. మంత్రిని గడిలో పెట్టి తలెత్తి చూస్తే ఎదుటివాడి ముఖంలో భయం లేదు, అయోమయం ఉంది. తార్మో మళ్ళీ బల్ల వైపు చూశాడు. శకటు ఉంది. నున్నటి తలతో, తన నీడతో సహా అక్కడే ఉంది. అతను చూస్తుండగానే పలచబడి, కింది గడి రంగు దానిలోంచి కనబడి, చివరికి గడి ఒక్కటే మిగిలింది. ఎప్పుడో చచ్చిన ఆ శకటు ఎదుటివాడి మోచేతి పక్కన, పెట్టెలో పడి ఉంది.

తిరుగు రైలులో ఆర్వి కిటికీ వైపు నుంచి ఇటు తిరిగాడు.

"ఎక్కడుందిరా నీ శకటు?"

"అక్కడే ఉంది మామా. నిజంగా చూశాను."

"చూశావనే అంటున్నాను. నాకూ కనబడేవి. నీళ్ళలో మునిగిపోయిన దుంగ ఇంకా పైన తేలుతున్నట్టే ఉండేది. తడి బెరడుతో సహా కనబడేది. దాని మీద కాలు వేసినవాడు మళ్ళీ కాఫీ తాగలేదు."

"మరి నువ్వేం చేసేవాడివి?"

"నోటితో చెప్పుకునేవాణ్ణి. నువ్వూ చెప్పుకో. నీ పావు పోయినప్పుడల్లా ముందు దాన్ని కొట్టిందెవరో చెప్పు. గుర్రమైతే గుర్రమని, ఏనుగైతే ఏనుగని. తరువాత ఆ గడి వైపు తిన్నగా చూసి, ఖాళీ అను. కొట్టిందెవరో చెప్పకుండా ఉత్తినే ఖాళీ అంటే లాభం లేదు. పోయినదానికి ఎలా పోయానో తెలియకపోతే అది పోదు."

ఆనాటి నుంచి తార్మో అలాగే ఆడాడు. పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. ఆర్వి ప్రతి పోటీకీ అతనితో వచ్చి, హాల్లో కిటికీ కింద హీటర్ పక్కన, గొర్రెతోలు టోపీని రెండు చేతులతో కడుపు దగ్గర పట్టుకుని నిలబడేవాడు. కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. దుంగల మీద కూర్చోవడం ఉండదు కదా అనేవాడు.

తార్మో సైన్యంలో తప్పనిసరి సేవ ముగించుకుని వచ్చిన ఏడు, ఏప్రిల్‌లో, ఆర్వి కాలితో తోసే జారుడుబండి తీసుకుని బయటికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. మెత్తబడిన మంచు మీద బండి గీతలు ఇంటి మెట్ల నుంచి ఒడ్డుదాకా, ఒడ్డు నుంచి గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్ళాయి. మర్నాడు వాన పడింది. గీతలూ పోయాయి. వేసవిలో పడవలు వేసుకుని వెతికారు. ఆ సరస్సు లోతు, అడుగంతా మునిగిన దుంగలు. ఏమీ దొరకలేదు.

అతన్ని సరస్సు తీసుకుందని ఊరందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. నలభై ఏళ్ళు నీటి మీద నడిచిన మనిషి పసిపిల్లాడిలా వసంతకాలపు మంచులో పడిపోయాడనడం, చచ్చినవాడి ముఖం మీద ఉమ్మినట్టని వాళ్ళ ఉద్దేశం. అందుచేత గౌరవం కొద్దీ మరో మాట అనుకున్నారు. స్వీడన్ వెళ్ళిపోయి ఉంటాడన్నారు. చాలామంది వెళ్ళారు, అక్కడ కార్ల ఫ్యాక్టరీల్లో చేరారు. దుకాణంలో లెంపి ఎదురుపడితే, "ఏం, స్వీడన్ నుంచి ఉత్తరం ముక్క వచ్చిందా?" అని దయగానే అడిగేవారు. లెంపి కూడా, "కలం దొరకలేదేమో" అనేది. చర్చి ఆవరణలో, శరీరం దొరకనివాళ్ళ కోసం ఒక రాయి ఉంది. పేర్లు చెక్కి, పండుగనాడు కొవ్వొత్తులు పెడతారు. ఆర్వి పేరు దాని మీద ఎక్కలేదు. స్వీడన్‌లో ఉన్నవాడి పేరు ఎలా చెక్కుతారు?

ఆ శరదృతువులో జరిగిన మొదటి జట్టు పోటీలో తార్మో తన బల్ల దగ్గర కూర్చుని గడియారం నొక్కాడు. ఎందుకో తలెత్తాడు. ఆర్వి హీటర్ పక్కన నిలబడి ఉన్నాడు.

తార్మోకు భయం వేయలేదు. అదే ఈ కథలో ముందుగా చెప్పుకోవలసిన సంగతి. అదేమిటో అతనికి తక్షణమే తెలిసింది. శకటును చూసినవాడు అతనే కదా. చెప్పవలసిన రెండు మాటలూ నాలుక చివరనే ఉన్నాయి. కాని ఆర్వి బల్ల వైపే చూస్తున్నాడు, ఎప్పటిలాగే కనుబొమలు దగ్గరికి లాగి, తల కొంచెం పక్కకు వాల్చి. ఆ చూపు పడిన చోట పావులు తేటపడ్డాయి. ఏ బంటు ఏ గడి కోసం పుట్టిందో కనబడింది. తార్మో ఆ మాటలు అనకుండానే ఎత్తు వేశాడు. గెలిచాడు.

ఆ తరువాత కొన్నేళ్ళు అతను ఆడిన ఆటలను ఇప్పటికీ క్లబ్బుల్లో కుర్రాళ్ళు బోర్డు మీద పరచుకుని చూస్తారు. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే పెద్ద పోటీల్లో మూడుసార్లు నిర్ణయించినన్ని పాయింట్లు సాధించాలి, మూడు మెట్లన్నమాట. రెండు మెట్లు అతను సునాయాసంగా ఎక్కేశాడు. హాలు ఏ ఊళ్ళోదైనా సరే, కిటికీ కింద హీటర్ ఉండేది. హీటర్ పక్కన ఆర్వి ఉండేవాడు. మొదట్లో బయటి ఆకారం మాత్రమే స్పష్టంగా ఉండేది. పోనుపోను కనుబొమల్లో మంచుపలుకులు కనబడ్డాయి. టోపీ చివర నుంచి నీటిబొట్టు జారేది, నేల మీద మరకయ్యేది. హీటర్ ఎంత వేడిగా ఉన్నా ఆ మరక ఆరేది కాదు. తుడిచే ఆవిడ దాని మీంచే తడిగుడ్డ లాగుతూ వెళ్ళేది. చివరి ఏడాదికి వచ్చేసరికి మరో మార్పు వచ్చింది. ఎత్తు తార్మోకు కనబడేదాకా ఆర్వి బల్ల వైపు చూసేవాడు. కనబడగానే తలుపు వైపు తిరిగిపోయేవాడు.

మూడో మెట్టు కోసం కువోపియో పట్టణంలో పోటీ ఉందనగా, ఆ ముందు వారం లెంపి గ్రంథాలయ బస్సెక్కింది. ఆమె ఇంటి దగ్గర బస్సు ఆగినప్పుడు వేరే ఎవరూ ఎక్కరు. తెచ్చిన పుస్తకాలు బల్ల మీద పెట్టింది కాని, కొత్తవి తీయడానికి అరల వైపు పోలేదు.

"నీ ఆటలు నేను టీవీలో వార్తలు అక్షరాల్లో వచ్చే పేజీలో చూస్తాను, తెలుసా?" అంది.

"నీకు ఆటంటే ఇష్టం లేదు కదత్తా."

"ఇప్పటికీ లేదు. గెలిచావా లేదా అని చూస్తాను. నాకు ముందుగా తెలియాలి. సౌనా గది తలుపు తీసేముందు."

తార్మో పుస్తకాల మీద తేదీ వేసే ముద్రను బల్ల మీద పెట్టాడు.

శనివారం ఆమె ఆవిరిస్నానానికి సౌనా వేడి చేసుకుంటుంది. స్నానం అయ్యాక, అందరూ చేసినట్టే, రాళ్ళ మీద ఆఖరి గరిటెడు నీళ్ళు పోసి, మనుషుల తరువాత వచ్చే కనబడనివాళ్ళ కోసం ఆ ఆవిరిని వదిలి, తలుపు మూసి వస్తుంది. ఆదివారం పొద్దున తుడవడానికి వెళ్ళేసరికి మామూలుగా అంతా ఆరిపోయి ఉంటుంది. తార్మో గెలిచిన వారాల్లో మాత్రం అలా ఉండదు.

"బెంచీ తడిగా ఉంటుంది. మనిషి కూర్చున్నంత మేర. కింద చెక్కల మీద మంచు పేరుకుని ఉంటుంది. రాళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయిరా, వాటి పక్కనే మంచు."

"కప్పు కారుతోందేమో..."

"కప్పులోంచి కారే నీళ్ళలో నాచుంటుందా?" లెంపి గొంతు పెంచలేదు. "నువ్వు పిలుస్తున్నావు కదూ?"

"నేను పిలవట్లేదత్తా. ఆయనే వచ్చి నిలబడతాడు."

అనేశాక గాని తానేమన్నాడో తార్మోకు తెలియలేదు. బస్సు ఇంజను సన్నగా వణుకుతోంది. లెంపి అక్కడి మడత కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎక్కడ?"

"హీటర్ పక్కన."

"టోపీ చేత్తో పట్టుకునా?"

"రెండు చేతులతో."

"చలిగా ఉంటాడా?"

తార్మో ఇన్నేళ్ళలో ఆ సంగతి గమనించలేదు. "హీటర్ పక్కనే కదా ఉంటాడు" అన్నాడు.

"అక్కడుండీ నా ఇంటికి వచ్చేసరికి గడ్డకట్టి వస్తున్నాడు." లెంపి చేతి తొడుగులు ఒక్కో వేలే లాగి తీసింది. "నేను బెంచీ వైపు చూసి ఖాళీ అన్నాను. ఆయన నీకు నేర్పింది నేనూ విన్నాను కదా. లాభం లేదు. బతికుండగా విననివాడు ఇప్పుడు నా మాట వింటాడా? నీ ఆట కోసం వస్తున్నాడు, నువ్వు అనాలి."

"అత్తా, వచ్చే వారం మూడో మెట్టు. అది ఒక్కటీ అయిపోతే..."

"అయిపోతే ఇంకోటుంటుంది. నీకు బిరుదు రావద్దని నేననడం లేదు. నాకు కావలసింది ఒకటే. మా ఆయన ఎక్కడో ఒకచోట ఉండాలి. నీ హాల్లో కాదు, నా బెంచీ మీద కాదు. రాయి మీద ఉండాలి. సరస్సు తీసుకుందని ఒక్కరైనా నోరు తెరిచి అనాలి. ఊళ్ళో ఎవరూ అనరు. నేనూ అనలేను, నలభై ఏళ్ళు ఆయన నాతో నీళ్ళ మీద నడక గురించే గొప్పలు చెప్పుకున్నాడు."

ఆమె లేచి, చేతికందిన డిటెక్టివ్ నవల తీసుకుంది.

"ఇందులో ఆఖరి పేజీలు ఉన్నాయా? పోయినసారిది ఎవరో చింపేశారు. ఎవరు చంపారో తెలియక వారం రోజులు నిద్ర లేదు నాకు."

తార్మో తిరగేసి చూశాడు. ఉన్నాయి.

కువోపియోలో పోటీ ఒక బడి వ్యాయామశాలలో జరిగింది. తడిసిన ఉన్ని కోట్ల వాసన, యాలకుల రొట్టె వాసన, గోడలకు కట్టిన నిచ్చెనలు. వారమంతా ఆర్వి వచ్చాడు, తార్మో గెలిచాడు. చివరి ఆట శనివారం మధ్యాహ్నం పడింది. డ్రా చాలదు, గెలవాలి. ఎదుట కూర్చున్నది ఎస్తోనియా నుంచి వచ్చిన కారెల్ అనే సన్నటి యువకుడు. పంచదార ముక్కలు నములుతూ వేగంగా ఆడేవాడు.

ఆట మధ్యలోకి వచ్చింది. తార్మో గుర్రం మంచి చోట నాటుకుంది. ఎక్కడో గెలిచే దారి ఉందని అతనికి అనిపిస్తోంది, మంచు కింద నీళ్ళు కదులుతున్నట్టు. దారి కనబడాలంటే ఏం చేయాలో అలవాటే. తలెత్తి ఆర్వి చూపు ఏ గడి మీద ఉందో చూడాలి.

చూశాడు. ఈసారి చూపును కాదు, మనిషిని చూశాడు. లెంపి అడిగిన ప్రశ్నే దానికి కారణం కావచ్చు. ఆర్వి వణుకుతున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. కోటు ఒంటికి అతుక్కుని ఉంది. టోపీ పట్టుకున్న వేళ్ళు వంగినవి వంగినట్టే బిగుసుకుపోయాయి. హీటర్ వేడికి పక్కనున్న కిటికీ అద్దం చెమ్మగిల్లింది, ఆర్వి నిలబడిన మేర మాత్రం దాని మీద మంచుపువ్వులు పూశాయి. ఇన్నేళ్ళూ అతను ఇలాగే ఉన్నాడు. తార్మో అతని కళ్ళు తప్ప మరేమీ చూడలేదు.

ఆర్వి కళ్ళు అప్పుడు బల్ల మీదే ఉన్నాయి. ఒక్క గడి మీద. ఆ గడి ఏదో చూస్తే చాలు.

తార్మో ఆ చూపు వెంట కిందికి దిగకుండా తన కళ్ళను పట్టి ఆపాడు.

"సరస్సు తీసుకుంది" అన్నాడు. మాట పైకి వచ్చింది. "ఏప్రిల్‌లో. మంచు విరిగి."

పక్క బల్లల వాళ్ళు తలలు తిప్పారు. ఆర్వి కూడా తిప్పాడు. మొదటిసారి బల్లను వదిలి, తలుపును వదిలి, తిన్నగా తార్మో ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో కోపం లేదు.

"ఖాళీ."

ఆర్వి నడిచి వెళ్ళలేదు, పలచబడనూ లేదు. అతను నిలబడిన చోట గోడ కనబడింది, అంతే. పెచ్చులూడిన ఆకుపచ్చ రంగు, ఒక మేకు, మేకుకు వేలాడుతున్న అట్టముక్క. వారమంతా ఎదురుగా కూర్చున్న తార్మో ఆ అట్ట మీది రాత అప్పుడే మొదటిసారి చదివాడు. వ్యాయామశాలలోకి బూట్లతో రాకూడదని ఉంది.

పోటీ నిర్వాహకుడు మునివేళ్ళ మీద వచ్చాడు. "పెన్నానెన్ గారూ, ఆడుతున్నారా, ప్రార్థన చేసుకుంటున్నారా? రెండోదైతే చర్చి పక్క వీధిలో ఉంది."

"ఆడుతున్నాను. క్షమించండి."

కారెల్ మాత్రం నమలడం ఆపి హీటర్ వైపు చూస్తున్నాడు. వాళ్ళ భాష ఫిన్నిష్‌కు చుట్టం, అన్నదంతా అతనికి అర్థమైంది. కుర్చీని కొంచెం అటువైపు నుంచి దూరంగా జరుపుకున్నాడు.

తార్మో బల్ల వైపు తిరిగాడు. చెక్కబొమ్మలు. అవి ఏమీ చెప్పలేదు. గడియారం నడుస్తోంది, తెలిసిన ఎత్తులు వేశాడు, సాయంత్రానికి ఇద్దరి దగ్గరా రాజులూ ఒకటి రెండు బంట్లూ మిగిలాయి. డ్రా. కారెల్ చెయ్యి కలిపి, ఆగలేక, పావులు వెనక్కి పేర్చి చూపించాడు.

"ఇక్కడ ఏనుగును ఈ గడిలో పెడితే నా పని అయిపోయేది. నేను భయంతో చచ్చాను. ఎందుకు వదిలేశారు?"

తార్మో ఆ గడి వైపు చూశాడు.

"నాకు కనబడలేదు" అన్నాడు.

ఆదివారం అతను రైలు దిగి నేరుగా లెంపి ఇంటికి వెళ్ళాడు. సౌనా గదిలో బెంచీ పొడిగా ఉంది. లెంపి అరచేయి దాని మీద ఆనించి, ఆ చివర నుంచి ఈ చివరకు నడిపింది. "డ్రా చేశావుగా, అందుకేనేమో" అంది, నమ్మడానికి ఇంకా భయపడుతూ. తరువాత తార్మో మళ్ళీ గెలవడం మొదలుపెట్టాడు, ఆరిన బెంచీ ఆరినట్టే ఉంది. లెంపి పాస్టరు దగ్గరికి వెళ్ళింది, తోడుగా తార్మో వెళ్ళి అనవలసిన మాట అన్నాడు. ఆర్వి పేరు చెక్కిన రోజు దుంగలు తోలిన ముసలివాళ్ళు మిగిలినవాళ్ళంతా వచ్చి టోపీలు తీసి నిలబడ్డారు. "ఆ ఏడు మంచు మరీ చెడ్డది" అన్నాడు వాళ్ళలో ఒకడు. "చాలా చెడ్డది" అన్నారు మిగతావాళ్ళు. స్వీడన్ మాట మళ్ళీ వినబడలేదు.

మూడో మెట్టు ఎక్కేసరికి తార్మో తల నెరిసింది. అంతకాలం ఎందుకు పట్టిందో పత్రికలవాళ్ళు రకరకాలుగా రాశారు. ఉద్యోగం వదలలేదన్నారు, ధైర్యం తగ్గిందన్నారు. అసలు కారణం తార్మో ఎవరికీ చెప్పలేదు. పోయినవి కనబడడం ఆ శనివారంతో ఆగిపోయింది. దాని బదులు, ఉన్నవి కనబడకుండా పోవడం మొదలైంది. ఆడుతూ ఆడుతూ ఉండగా తన ఏనుగు ఉండవలసిన గడి ఖాళీగా కనబడేది. ఎవరూ కొట్టలేదు, అయినా ఖాళీ. ముట్టుకున్న పావును ఆడి తీరాలి కనుక, అప్పుడతను "సర్దుతున్నాను" అని నియమం ప్రకారం ముందే చెప్పి, ఆ ఖాళీలోకి చెయ్యి చాపేవాడు. వేళ్ళకు చెక్క తగిలేది. తగిలాక మెల్లగా ఆకారం వచ్చేది. ఒక్కొక్క ఆటలో అన్ని పావులనూ అలా తడిమి చూసుకోవలసి వచ్చేది. అతిగా శుభ్రం పాటించే మనిషని ఎదుటివాళ్ళు అనుకున్నారు. క్లబ్బు కుర్రాళ్ళు దాన్ని గొప్పవాళ్ళ అలవాటనుకుని అనుకరించారు. ఆ తడుములాటతోనే, అంగుళం అంగుళంగా, అతను గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు.

బిరుదు ఖాయమైన వారం లెంపి అతన్ని కాఫీకి పిలిచింది. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. బురదనేలల్లో ఏరిన పసుపుపండ్లతో కేకు చేసింది. మధ్యాహ్నపు ఎండ వంటింటి బల్ల మీద పడుతోంది.

"మీ పెద్దమనుషులు నీకేం ఇచ్చారేమిటి? కప్పా?"

"కాగితం ఇచ్చారత్తా."

"కాగితమా! ఇంత ఆడితే కాగితమా? ఆర్వి ఉంటే పొయ్యిలో పెట్టేవాడు" అంటూ ఆమె కాఫీ పోసింది. తార్మో నవ్వుతూ కప్పు అందుకుని, ఒక గుక్క తాగి తలెత్తాడు.

ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది. ఎండ కుర్చీ వీపు మీదికి సూటిగా పడుతోంది. కాఫీ కూజా బల్ల మీద పొగలు కక్కుతోంది. లెంపి లేదు. ఆమె లేచిన చప్పుడు గాని, తలుపు చప్పుడు గాని కాలేదు.

అతను కప్పు దించాడు. అలవాటైన మాట గొంతులోంచి దానంతటదే వచ్చింది. "సర్దుతున్నాను" అని, బల్ల మీదుగా, కుర్చీ వైపు చెయ్యి చాపాడు. చెయ్యి చాలా దూరం వెళ్ళినట్టు అనిపించింది. వేళ్ళకు ఉన్ని తగిలింది. ఉన్ని కింద సన్నటి మణికట్టు, వెచ్చగా.

"ఏమిట్రా ఇది?" అంది లెంపి గొంతు, ఆమె కనబడడానికి ముందే. "నేనేమైనా నీ గుర్రాన్నా?"

ముందు ఆమె చొక్కా చెయ్యి వచ్చింది, తరువాత భుజం వచ్చింది. ముఖం ఇంకా రాలేదు. తార్మో పట్టు వదలకుండా, వచ్చేదాకా చూస్తూ కూర్చున్నాడు.